గూడెం చివర లేచిన పాక

అమ్మకు,
నాకు జ్వరం తగ్గి నేటికి ఆరు రోజులు. ఇక కంగారుపడకు.

ఈ మహమ్మారి మొదలైన వారంలోనే గూడెంవాళ్ళు తమంతట తామే దారికి అడ్డంగా దుంగ వేసుకున్నారు. బయటివాళ్ళెవరినీ రానివ్వలేదు. నర్సునని నన్ను మాత్రం ఉంచుకున్నారు. చివరికి, మందుల కోసం బయటికి వెళ్ళొచ్చిన నాకే రోగం వచ్చింది. వాళ్ళకు అంటిస్తానేమోనని భయపడి, సంచి సర్దుకుని దుంగ దాకా నడిచాను. అక్కడ కాపలా ఉన్న మంత్రసాని అవ్వ దూరం నుంచే కేకేసింది. "ఎక్కడికే పిల్లా? దుంగ వేసింది వచ్చేవాళ్ళకి. నిన్ను పొమ్మని ఎవరన్నారు?"

సాయంత్రానికల్లా గూడెం చివర నాకోసం ఒక పాక లేచింది. రోజూ గడప బయట గంజి, కాచిన నీళ్ళు పెట్టి వెళ్ళేవారు. అవ్వ పొద్దున్నే పది అడుగుల అవతల కూర్చుని, "ఏదీ, ఓసారి దగ్గు, వింటాను" అనేది. మొన్న "ఇవాళ్టి దగ్గులో పస లేదు" అని తెగ నవ్వింది. ఇక్కడ ఇంకెవరికీ సోకలేదమ్మా.

నాన్న బీపీ మాత్రలు మానలేదు కదా? తమ్ముడు మాస్కు మెడకే తగిలించుకుని తిరుగుతున్నాడా? నా ఉన్ని శాలువా పంపు, అవ్వకు ఇస్తాను. పార్సిలును దుంగ దగ్గర ఒక రోజు ఎండలో ఉంచి తెచ్చుకుంటాం.

ఉద్యోగం మానేసి వచ్చెయ్యమన్నావు. వచ్చే నెల టీకా మందు వస్తుందట. "నువ్వు వేస్తేనే వేయించుకుంటా" అని అవ్వ పట్టుబట్టింది. వీళ్ళందరికీ వేశాకే సెలవు పెట్టి వస్తాను. కోప్పడకుండా దీవించు.

నాన్నకు నమస్కారాలు.
నీ పెద్దది