పెద్ద గొర్రె ముందుకాళ్ళు

తమ్ముడికి,

అక్క రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నీ ఉత్తరం చదివిన నేను తప్ప. నాన్న దగ్గు తగ్గింది. నీ ఉత్తరం ఆయనకి చూపించలేదు, మళ్ళీ దగ్గు మొదలవుతుందని.

"నేనున్నప్పుడు మందలో ఒక్కటీ కుంటలేదు, నీ చేతికొచ్చాక ఎనిమిదా?" అని అడిగావు. ఎందుకు కుంటలేదు, శుభ్రంగా కుంటాయి. నువ్వు కుక్కని వెంటేసుకుని దొడ్లోకి దూరి చూసేవాడివి. బెదిరిన గొర్రె నొప్పి దాచుకుని పరిగెడుతుంది నాయనా. నేను పొద్దున్నే దాణా గది మెట్టు మీద కదలకుండా కూర్చుంటాను. తలుపు తీస్తే సిమెంటు నేల మీదకి ఒక్కొక్కటే నడిచొస్తాయి. ఒకటి అడుగు పొట్టిగా వేస్తుంది, ఇంకోటి తల ఊపుతుంది, వేరొకటి కాలే మోపదు. అలా చూస్తే తేలాయి ఎనిమిది. నీకు కళ్ళున్నది ఎందుకో నాకు తెలీదు.

"నీ వల్ల కాదు, మంద నాకప్పగించు" అన్నావే, ఆ మాటకి ఒళ్ళు మండింది. నువ్వు మిల్లులో కుర్చీ ఎక్కాక ఈ రెండేళ్ళూ వాటి గిట్టలు కడిగిందెవరు? నీ మేనేజరా?

సరే, ఎన్నాళ్ళు దాచను. ఆ కోపంతోనే గిట్టలు చెక్కే కత్తి పట్టుకుని దొడ్లోకి వెళ్ళాను. పెద్ద గొర్రె తల ఊపుతూ వచ్చింది. కుడి ముందుకాలు పడ్డప్పుడు తల దించింది. ఆ కాలే అనుకున్నాను. నొప్పి కాలు ఆనితే తల పైకి లేస్తుంది, మంచి కాలు పడితే దిగుతుంది. ఇది నీకు చెవి మెలేసి నేర్పిందాన్ని నేనే. మంచి గిట్టని నెత్తురొచ్చేదాకా కోశాను. తప్పు నాది.

ఇప్పుడది మోకాళ్ళ మీద వంగి మేస్తోంది. ఎడమ గిట్టలో చీము ఈ వారం తీయకపోతే బతకదని పశువుల డాక్టరు చెప్పాడు. అమ్మ పోయేముందు పాలసీసా పట్టి పెంచింది దాన్నేగా.

ఆదివారం రా. మంద ఇస్తానని కాదు, చచ్చినా ఇవ్వను. బుజ్జగిస్తానని అంతకంటే కాదు. నా అలికిడి వింటే చాలు, అది గోడకి నక్కి వణుకుతోంది, గిట్ట ముట్టనివ్వదు. నువ్వు పిలిస్తే వస్తుందేమో.

ఇట్లు,
నీతో ఇంకా మాట్లాడని
అక్క