ఫ్లాపీ మీది పట్టీ పీకింది నేనే

జమ్మలమడుగు,
9-8-1995.

విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

తమరు కుశలమా? అమ్మగారి ఆయాసం తగ్గిందా? మొన్న వచ్చినప్పుడు దగ్గుతుండిన డ్రైవరు బాలన్నకు నిమ్మళించిందా? నా ఆరోగ్యం మాట కింద రాసినాను.

విషయం: సొసైటీ ఓటర్ల జాబితా చెడిన దానిలో కంప్యూటరు ఆపరేటరు నూర్ అహ్మద్ తప్పు లేదని, తప్పు నాదని.

1. నేను సదరు సొసైటీ ఆఫీసులో ఊడ్చే రత్నమణిని. మూడో తరగతి చదివినాను. కంప్యూటరు గదిలో దుమ్ము తుడవడం నా డ్యూటీ.

2. ఆ గదిలో ఒక మంచి ఫ్లాపీ ఉండేది. మిషను చెడితే దానితోనే మళ్లీ మొదలుపెట్టాలి. దాని అంచున గాడికి వెండిరంగు పట్టీ అంటించినారు. పట్టీ ఉన్నంతకాలం దాని మీదికి కొత్తది ఏదీ ఎక్కదట. ఆ సంగతి నాకు తెలియదు. కొస లేచి మురికిగా కనపడితే పీకి, విరిగిన నా కళ్లద్దాల కాడకు చుట్టుకున్నాను. ఇప్పుడూ అక్కడే ఉంది. ఊడదీస్తే ఈ అర్జీ రాయలేనని ఉంచినాను.

3. తర్వాత వేరే ఆఫీసు నుంచి వచ్చిన ఒక ఫ్లాపీతో వైరసు అనేది మిషనులోకి వచ్చింది. ఆ సంగతి ఎవరికీ తెలియక మునుపే మంచి ఫ్లాపీని ఒకసారి మిషనులో పెట్టినారు. పట్టీ లేదు కనుక దానికీ తగులుకుంది. నూర్ అహ్మద్ తల పట్టుకుని నాకు చెప్పినాడు: "ఇది ప్రోగ్రాములో దాక్కోనుంటాది అవ్వా. ఆ ప్రోగ్రాము తెరిస్తే మెమరీలోకెక్కి కూచుంటాది. ఆ పైన మనం ఏది తెరిచినా దానికీ అంటుకుంటాది. కరెంటు తీస్తే మెమరీ ఖాళీ అవుతాది గానీ, ఫైళ్లలో ఉండేది యాడికీ పోదు." అందుకని మిషను ఆపి, ఆ మంచి ఫ్లాపీతోనే మొదలుపెట్టినాడు. మళ్లీ వచ్చింది. మూడు దినాలు ఆపడం, పెట్టడం, మళ్లీ రావడం. జాబితా అచ్చు కాకనే గడువు దాటిపోయింది.

4. ఎదుటి పార్టీ దగ్గర డబ్బులు తిని పట్టీ పీకినాడని ఇరు పార్టీలవాళ్లూ అతన్నే అంటున్నారు. రెండు వారాలుగా అతని వీధి మొదట్లో జీపు ఒకటి నిలబడి ఉంది. భార్య ఖమర్‌బీ బిడ్డలను పులివెందులకు, పుట్టింటికి పంపేసింది.

5. మొదటి దినం తమరు నన్ను "నువ్వేమన్నా ముట్టుకుంటివా?" అని అడిగితే, లేదు సార్ అన్నాను. పని పోతుందని, ఆ జీపు నా వాకిట్లోకి వస్తుందని భయం. అప్పటినుంచి అన్నం దిగడం లేదు. రెండు ఆదివారాలు చర్చిలో ప్రభువు బల్ల రొట్టె తీసుకోకుండా వెనక బెంచీలో కూచున్నాను. పక్కింటి సుశీలమ్మ ఏమైందని అడిగితే పంటి నొప్పి అన్నాను. అదీ అబద్ధమే.

కావున నన్ను పనిలోంచి తీసినా సరే, నూర్ అహ్మద్ మీది నింద తీసివేసి, ఆ మాట కాగితం మీద రాయించి ఆఫీసు గోడకు అంటించవలెను. గోడకు అంటించకపోతే జీపువాళ్లకు తెలియదు. ఇంత ఆలస్యంగా చెప్పిన ముసలిదాని మాట తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రత్నమణి, స్వీపరు.

మరొక మనవి: నూర్ అహ్మద్‌కు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ఎదట పడితే నోరు రావడం లేదు. తమ చేతి కాగితం చూసి తెలుసుకోవడం అతనికి న్యాయం కాదు. ఆదివారం ఆ జీపు ముందరనే నడిచి వాళ్లింటికి పోయి చెప్తాను. తిట్టినా, మొహం మీద తలుపు వేసినా, సోమవారం, పద్నాలుగో తేదీ, పొద్దున పది గంటలకు ప్రొద్దుటూరులో తమ ఆఫీసుకు వస్తాను.