పిడికెడు ఉప్పు

అమ్మా,

నీ ఉత్తరం అందింది. బేకరీలో పిండి చేతులతోనే చింపి చదివాను. "పాపం, అంతమందిలో మైకు పట్టుకుని ఏడ్చాడట కదే, ఇంకేం కావాలి నీకు? క్షమించి పెళ్ళి చేసుకో" అని రాశావు. నాకేం కావాలో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కపోయినా చెప్తాను, విను.

మా పెళ్ళి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఇంకొకామెతో వెళ్ళిపోయిన మనిషి అతను. ఆ మాటైనా తన నోటితో చెప్పలేదు, వాళ్ళక్కతో చెప్పించాడు. ఇప్పుడు ఆమె వదిలేసి పోయేసరికి నేను గుర్తొచ్చాను. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు! చర్చిలో మైకులు బిగించేది తనే కాబట్టి అందరూ మైకు మేస్త్రి అంటారు కదా, పోయిన నెల ఆ మైకు ముందే నిలబడి సాక్ష్యం చెప్పాడు. "ఒక సహోదరి మనసు గాయపరిచాను. ఆమె నన్ను క్షమించి చేర్చుకోవాలని మీరంతా ప్రార్థించండి" అన్నాడు. సంఘమంతా హల్లెలూయా అంది. తలలన్నీ నావైపు తిరిగాయి. మూడో బెంచీలో కూర్చున్న నాకు చెప్పాల్సిన మాట మైకుకు చెప్పాడమ్మా. కడుపు మండిపోయింది నాకు.

నీకు తెలియని సంగతొకటుంది. ఏడాదిగా నేను ప్రభు బల్లలో రొట్టె పుచ్చుకోలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ సంస్కారానికి రొట్టె కాల్చేది నేనే, పళ్ళెం నా దగ్గరికొస్తే ముట్టకుండా పక్కవాళ్ళకి అందించేదీ నేనే. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరితో పాటు మొదలుపెడతాను, ఇతరులను క్షమించే మాట రాగానే నోరు మూసుకుంటాను. దేవుడి ముందు అబద్ధం ఆడలేక.

ఇంకోటి కూడా ఉంది. మొన్న రొట్టె పిండిలో చిటికెడు పడాల్సిన ఉప్పు పిడికెడు వేశాను. చెయ్యి జారి కాదు. హల్లెలూయా అన్న నోళ్ళన్నీ గుర్తుపెట్టుకుని మరీ వేశాను. ఎవరూ కిక్కురుమనలేదు. దేవుడి రొట్టె కదా, కళ్ళు మూసుకుని మింగారు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు. పాస్టరుగారు ముగింపు ప్రార్థన మధ్యలో ఆపి రెండు గ్లాసులు తాగారు.

తప్పే. అయినా క్షమించను, పెళ్ళీ చేసుకోను. బతిమాలకు.

నీ పెంకి కూతురు

*

అమ్మా,

అతణ్ణి క్షమించాను. ఆగు, అప్పుడే పాస్టరుగారిని పెళ్ళి తేదీ అడగడానికి బయల్దేరకు. పూర్తిగా చదువు.

నీకు ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే నర్సు మామ్మ బేకరీకి వచ్చింది. ఎప్పుడో రిటైరైన ముసలామె, చర్చిలో నా వెనక బెంచీ. "పిల్లా, అసలే బీపీదాన్ని. ప్రభువు బల్ల కదా అని మింగాను. ఆ ఉప్పు చెయ్యి జారి పడిందా, కావాలని పడిందా?" అంది. అబద్ధం చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. "కావాలనే వేశాను మామ్మా" అని చీవాట్లకి సిద్ధపడి నిలబడ్డాను. "సరే, క్షమించాను పో" అంది. అంతే! హల్లెలూయా లేదు, మైకు లేదు. "మరి వచ్చే నెల నా రొట్టె తింటావా?" అన్నాను. "చిన్న ముక్క కొరికి చూశాక చెప్తా. క్షమించాను గానీ నా నాలుక నీకు రాసివ్వలేదు" అంది.

ఆమె వెళ్ళాక పిండి బస్తా మీద కూలబడి ఏడ్చాను. అతను పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. "ప్రభువా, ఇంతమంది నోళ్ళు పాడుచేసిన నన్నే ఇంత తేలిగ్గా వదిలేశావే, ఇంకా అతణ్ణి పట్టుకుని వేలాడటానికి నేనెవర్ని?" అని పైకే అన్నాను. నిజం చెప్తున్నానమ్మా, ఏడాదిగా గుండెలో ఉన్న మంట అక్కడే చల్లారింది. క్షమిస్తే అతణ్ణి మళ్ళీ ఇంట్లోకి రానివ్వాలనే భయంతో ఇన్నాళ్ళూ ప్రభువుకి కూడా మొహం చాటేశాను. ఆ రెండూ ఒకటేనని నాకు చెప్పింది మీరంతా, ఆయన కాదు.

ఈ నెల సంస్కారం రోజు మైకు మేస్త్రి వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. పెద్దలే జరిగి చోటిచ్చారు. ప్రార్థనలో ఆ క్షమించే మాట రాగానే గొంతెత్తి చెప్పాను, ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పళ్ళెం వచ్చింది. ముక్క తుంచి తిన్నాను. పళ్ళెం అతని చేతికిచ్చి, మొహంలోకి చూసి, "నిన్ను క్షమించాను. పెళ్ళి మాత్రం చేసుకోను" అన్నాను. "మరి క్షమించి ఏం లాభం?" అని గొణిగాడు. "పళ్ళెం పక్కకివ్వు, జనం కాచుకునున్నారు" అన్నాను.

ఆరాధన అయ్యాక పెద్దలు నా చుట్టూ మూగారు. ఇది పూర్తి క్షమాపణ కాదట! అప్పుడు ఉప్పు సంగతి నేనే చెప్పి, నన్ను క్షమించమని చేతులు జోడించాను. క్షమించామన్నారు. "పూర్తిగానేనా?" అన్నాను. పూర్తిగానే అన్నారు. "అయితే మీలో నన్నెవరు పెళ్ళి చేసుకుంటున్నారు?" అని అడిగాను. ముందు పాస్టరుగారికే నవ్వొచ్చింది.

నర్సు మామ్మ మాత్రం నవ్వలేదు. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపి, "ఉప్పు సరిపోయింది" అంది.

నాకోసం పెట్టెలో దాచిన పెళ్ళిబట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా. వచ్చే నెల మొదటి ఆదివారం మాత్రం ఇక్కడికి రా. రొట్టె నేనే కాలుస్తాను, నీ పక్కనే కూర్చుని తింటాను.

ఇప్పటికీ నీ పెంకి కూతురే