గడప బయటి సాక్షి

లాల్‌దర్వాజా

బావగారికి,

మీరు అక్కతో పంపిన మిఠాయి డబ్బాను మళ్లీ అక్క చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మా పింటూ గదిలో గంజాయి దొరికిందని పోలీసులు రాసిన పంచనామా మీద సాక్షిగా సంతకం పెట్టింది మీరు. సోదా జరిగినంతసేపూ గుమ్మం బయట చాయ్ తాగుతూ నిలబడ్డారు. “బావా, లోపలికొచ్చి నీ కండ్లతోని చూడు” అని నేను మొత్తుకుంటే, “మీ లొల్లి నాకెందుకు” అన్నారు. కోర్టులో మా వకీలు నిలదీసేసరికి, లోపలికి వెళ్లలేదని నసిగారు. కింది కోర్టు ఆ మాట పట్టించుకోకుండా నా కొడుకును జైలుకు పంపింది. ఇప్పుడు హైకోర్టు పట్టించుకుంది. సాక్షి చూడని సోదాను నమ్మలేమని వాణ్ణి విడిచిపెట్టింది.

మీరేమో “నేను లోపలికి పోకపోబట్టే కదా పోరడు బైటికొచ్చిండు” అని గల్లీలో మీసం మెలేస్తున్నారట. బోనాల దావత్‌కు పిలుపు రాలేదేమని అక్కతో అడిగించారు కూడా. పిరికితనానికి దావత్ అడిగే మనిషిని మిమ్మల్నే చూశాను.

మా గడప దాటకపోవడమే మీరు మాకు చేసిన మేలు. ఆ మేలు బతికినంతకాలం చేస్తూ ఉండండి.

మీ మరదలు