నఘాల్ పండేదాకా జువైనా మాట

మహారాజశ్రీ మండలాధికారి వాలీ గారి సముఖమునకు, లోయ పైనున్న ఊరిలో నిమ్మతోట సాగు చేసుకొను మర్‌హూన్ బిన్ సాలిం స్వహస్తముతో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పొరుగు తోట యజమానురాలు జువైనా బింత్ ఖమీస్ నాకిచ్చిన మాటను గడువు తీరకమునుపే వెనుకకు తీసుకొనకుండ ఉత్తరువు ఇప్పించుట గురించి, మరియు ఒక మేక గురించి.

1. నా తోటకు, సదరు జువైనా తోటకు నడుమ ఉన్నది ఒక్క మట్టిగోడ. ఇద్దరికీ ఒకే ఫలజ్ కాలువ నీరు. గురువారం మధ్యాహ్నపు నీటి వంతు ఆమెది, కాలం చేసిన భర్త నుండి సంక్రమించినది. మొన్న చలికాలం చివర ఆమె నన్ను గోడ దగ్గరకు పిలిచి, "మర్‌హూన్, తోటా నీళ్లూ అమ్మేసి సముద్రపొడ్డున సూర్‌లో మా అన్న దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నా. ముందు నీకే చెప్తున్నా. తీసుకుంటావా?" అని అడిగినది. ఆలోచించి చెప్పెదనంటిని. "నీ ఆలోచన తెమిలేసరికి సముద్రమే ఇక్కడికొస్తుంది," అన్నది. ఆ మాట మనసులో పెట్టుకొనలేదని మనవి.

పిమ్మట కుదిరిన షరతు ఏమనగా, ఖర్జూరాలలో అన్నిటికంటె ముందు పండే నఘాల్ రకం మా ఊరిలో పండేవరకు ఆమె ఆ తోటను మరొకరికి అమ్మరాదు, నాకు చెప్పిన మాటను రద్దు చేసుకొనరాదు. నేను తీసుకుందునా లేదా అన్నది నా ఇష్టం. అట్లు మాట నిలిపి ఉంచినందుకు ప్రతిఫలముగా నా నల్లమేకను, చూలుతో ఉన్నదానిని, ఇచ్చితిని. ఇది తోట ధరలో భాగం కాదు. రిటైరైన ఖాజీ షేక్ జాహిర్ గారు అక్కడే కూర్చుని కాఫీ త్రాగుచు అంతా విన్నారు. ఆయన మూడో గిన్నె కూడా త్రాగినారు.

2. ఇట్లుండగా గత వారం సదరు జువైనా నా గేటు దగ్గర నిలబడి, "నా మాట వెనక్కి తీసుకుంటున్నా. నీ మేకను నువ్వు తోలుకుపో," అన్నది.

ఎందుకని అడిగితిని.

"మా ఆయన పినతండ్రి కొడుకు ముర్షిద్ వచ్చాడు. కాఫీ చల్లారకముందే బేరం తేల్చేశాడు. నువ్వున్నావు, ఔననవు, కాదనవు. మూటలు కట్టుకోవాలో విప్పుకోవాలో తెలీక చస్తున్నా నేను."

"గడువుంది కదా. నఘాల్ ఇంకా పండలేదు."

"ఎందుకు పండలేదూ? నిన్న సంతలో కొనుక్కుని తిన్నాను."

అయ్యా, ఇదేమి న్యాయం? సంతకు వచ్చినవి లోయ దిగువ ఊళ్ల నఘాల్. అక్కడ ఎండ ముందు పడును, కాయ ముందు పండును, తరువాత గాని ఆ పండుదల ఒక్కొక్క ఊరే ఎక్కుచు మా దాకా రాదు. ఏ ఊరిలో మాట అనుకొందుమో ఆ ఊరి చెట్టే గడువని మా తాతల నాటి నుండి ఉన్నది. ముర్షిద్ దిగువ ఊరివాడు, అతనికి తెలియకపోవచ్చును. ఆమెకు తెలియదా? తెలిసే అన్నది. నాకు ఒళ్లు మండినది.

3. వెంటనే షేక్ జాహిర్ గారి వద్దకు పోయితిని. ఆయన తాపీగా చెప్పినది ఇది: "ఉత్త మాటైతే నువ్వు సరే అనేలోపు ఆవిడ ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు, తప్పులేదు. కానీ మాట నిలిపినందుకు మేకను పుచ్చుకుంది. ఇక గడువుదాకా కదపడానికి లేదు. చిత్రమేమిటంటే కట్టుబడింది ఆవిడొక్కతే. నువ్వు స్వేచ్ఛగానే ఉన్నావు. హాయిగా ఉండు."

"హాయా? నాకు తిండి సయించడం లేదు," అంటిని.

"అయితే సరే అనేయవయ్యా. నువ్వా మాట అన్న క్షణం తోట నీది. ముర్షిద్ గొడవ ఉండదు, మేక గొడవ ఉండదు. అనడానికేం నొప్పి?"

కాఫీ అట్లే వదలి లేచి వచ్చితిని.

తమ వద్ద దాచి లాభం లేదు. నేను సరే అన్న మరునాడే ఆమె సూర్ బస్సు ఎక్కును. నీళ్లు నావగును. గురువారం మధ్యాహ్నం కాలువ గట్టున తిట్టుటకు మనిషి ఉండదు. నా భార్య పోయిన తరువాత నన్ను తిట్టిన మనిషి ఆమె ఒక్కతే. ఇది కార్యాలయమునకు సంబంధించని విషయమైనచో ఈ నాలుగు వాక్యాలు కొట్టివేయవలసినది.

4. మేక విషయం. ముర్షిద్ దానిని లాక్కొని వచ్చి నా గేటుకు కట్టి, "సామాను వాపసు, ఒప్పందం రద్దు," అని ప్రకటించినాడు. అది తాడు కొరికి, గోడ దూకి, జువైనా ఇంటికే పోయినది. మళ్లీ కట్టినాడు, మళ్లీ పోయినది. అక్కడనే ఈని, రెండు పిల్లలను పెట్టుకొని ఉన్నది. ఇది మేక స్వంత నిర్ణయమే గాని నా ప్రోద్బలం ఏమాత్రం లేదు. అయినను నేను వాపసు పుచ్చుకొనలేదు గనుక మాట ఇంకను నిలిచియున్నదని నా వాదన. ఆమె దానికి ఎండు ఖర్జూరాలు పెట్టుచున్నది. నా దగ్గర ఉన్నన్నాళ్లు గడ్డి తిన్న మేక.

5. నిన్న మళ్లీ షేక్ జాహిర్ గారి వద్దకు పోయి, పేర్లు చెప్పక, ఒక సందేహం అడిగితిని. ఒకరు తోట ఇస్తామంటే, రెండోవారు తోట బదులు వేరొకటి అడిగినచో ఏమగును?

"ఉత్త మాటైతే, వేరే బేరం పెట్టగానే మొదటి మాట చచ్చిపోతుంది. మళ్లీ బతకదు," అన్నారు.

నేను లేచి పోబోతిని.

"కానీ ప్రతిఫలం ఇచ్చి నిలిపించుకున్న మాట అలా చావదు. కొత్తది కాదన్నా పాతది గడువుదాకా ఉంటుంది. అందుకేనయ్యా మేకను ఇచ్చేది. వెళ్లి అడుగు. పోయేదేం లేదు."

"పోయేదేం లేదని మీరెలా చెప్తారు? అడిగేది మీరు కాదుగా," అంటిని. పెద్దాయనతో అట్లు అనకూడదు. అంటిని.

కావున తమరు దయతలచి,

(అ) మా ఊరి నఘాల్ పండేవరకు సదరు మాట రద్దు కాదని ఉత్తరువు చేయవలెను.

(ఆ) ముర్షిద్‌ను మా గోడ దరిదాపులకు రానీయరాదు.

(ఇ) నఘాల్ పండినదీ లేనిదీ తమ కార్యాలయపు మనిషి వచ్చి చూచి నిర్ధారించవలెను. ఆయన తొందరపడి రానవసరం లేదు. ఎండలు తగ్గిన తరువాత వచ్చినను అభ్యంతరం లేదు.

ఈ మనవి తాము చిత్తగించవలెను. ఓపిక నశించినను వినయం నశించని తమ విధేయుడు,

మర్‌హూన్ బిన్ సాలిం

తా.క. అర్జీ మడిచి సంచిలో పెట్టుకొని బయలుదేరుచుండగా జువైనా గోడ మీదుగా చూచి, ఏమిటది అని అడిగినది. నీ మీద ఫిర్యాదు అంటిని. చదువు అన్నది. చదివితిని. మూడవ అంశం చివర ఆపబోతే, "అది కూడా చదువు," అన్నది. అయిదవది కూడా చదివించినది.

"వాలీ గారికి రాయగలవుగానీ నాకు చెప్పలేవా?" అన్నది.

అప్పుడు అడిగితిని. తోట వద్దు, నువ్వు ఉండిపో, ఒప్పుకుంటే సూర్ వెళ్లి మీ అన్నగారితో మాట్లాడతాను అంటిని. ఇంత చిన్న మాటకు ఇంత కాలం పట్టినందుకు నాకే సిగ్గు వేసినది.

ఆమె ఔననలేదు, కాదనలేదు. "నఘాల్ పండేదాకా ఆలోచించుకుంటా. ముర్షిద్‌కి అప్పటిదాకా ఆగమని చెప్తాలే," అన్నది. తరువాత లోపలికి పోయి, మేకపిల్లలలో ఒకదానిని తెచ్చి గోడ మీదుగా నా చేతుల్లో పెట్టినది. "ఊరికే కాదు. ప్రతిఫలం పుచ్చుకున్నావు. అప్పటిదాకా నీ మాట వెనక్కి తీసుకోడానికి లేదు, తెలిసిందా?"

కావున పైన (అ) ఇక అక్కరలేదు. (ఇ) విషయంలో మాత్రం చిన్న సవరణ. తమ మనిషిని రేపే పంపగలరు. పొద్దుటి నుండి మేకపిల్లను చంకన పెట్టుకొని చెట్టు కిందనే నిలబడి ఉన్నాను. కాయలు ఇంకను పచ్చగానే ఉన్నవి.