డాక్టరు ముందర నీ పేరు

ఏమ్మే, మన పాప బొరుగులతో చేసే ఉగ్గానిలో కారమే ఉండదు, గడ్డి నమిలినట్టుంది.

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. పొయ్యిమింద పాలు రెండు తూర్లు మర్చిపోయినానని పాప నన్ను ఆదోనిలో డాక్టరు దగ్గరికి తీసుకపోయింది. మతి తప్పిందని తేలితే ఎమ్మిగనూరు సంతకు గూడా ఒంటిగా పోనీయదంట.

"తాతా, ఆవు, గొడుగు, గడియారం. గుర్తుపెట్టుకో, మళ్లీ అడుగుతా" అన్నాడు డాక్టరు. తల వంచి కాగితంలో ఏందో రాసుకున్నాక "నీ భార్య పేరేంది?" అన్నాడు.

పెండ్లయినప్పటినుంచి నీ పేరు నోటితో పలికిందే లేదు కదా, సిగ్గుపడి తువ్వాల సర్దుకుంటా కూర్చున్నా. పాప ఏడుపు మొదలుపెట్టింది, "నాయనా, అమ్మ పేరే మర్చిపోయినావా!" అని.

"ఈరమ్మ!" అని అరిచినా. డాక్టరు మళ్లీ అడగంగానే ఆ మూడు మాటలూ గడగడా చెప్పినా. డాక్టరు భుజం తట్టినాడు.

నీకొక్కదానికే చెప్తాండా. ఆ మూడూ, ఆయప్ప తల వంచినప్పుడు అరచేతిలో రాసుకున్నా. నీ పేరు మాత్రం చూడకుండానే చెప్పినా.