పదకొండో రాయి

జూన్ 3, మంగళవారం

మేనేజర్ జ్ఞానేశ్వర్ సార్ పనివాళ్ల గుణాలు రాసే ఫారాలు ఇచ్చాడు. వేంపల్లె పక్కన ఈ ముగ్గురాయి క్వారీకి ఫోర్‌మన్‌ని కదా, ఒక్కొక్కరి గుణానికి నేనే టిక్ పెట్టాలి. దేవేంద్రప్ప ఫారం దగ్గర ఆగిపోయాను. కాషస్ అంటే జాగ్రత్తపరుడు, టిమిడ్ అంటే పిరికోడు. పక్కపక్కనే రెండు గళ్లు. టిమిడ్ మీద టిక్ పడితే ఆయన పంతొమ్మిదేళ్ల బ్లాస్టింగ్ పని పోయినట్టే.

ఆయన పద్ధతి ఆయనది. రాతిలో ఎన్ని కన్నాల్లో పేలుడు మందు దట్టిస్తే అన్ని చిన్న రాళ్లు గుప్పిట్లో పట్టుకుంటాడు. పేలిన ప్రతి చప్పుడుకీ ఒకటి పారేస్తాడు. ఒక్కటి మిగిలినా ఎవరినీ గుంతలోకి దిగనివ్వడు. పోయిన వారం ఒక రాయి మిగిలిందని అందరినీ నలభై నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాడు. వట్టి పిరికోడప్పా ఈయన అని సార్ అందరి ముందూ అన్నాడు.

జూన్ 4

ఆ రెండు మాటలకీ తేడా ఏమిటని ఫోన్‌లో వెతికాను. రెండింటిలోనూ భయం ఉందట. కాషస్ మనిషికి ఎక్కడ ఆగాలో తెలుసట. టిమిడ్ మనిషిని ఎవరైనా గదిమితే చాలట.

జూన్ 6, సాయంత్రం ఆరు

సార్ ఎదురుగా కూర్చుని, ఇంగా ఆలోచన చేస్తాండావా రంగనాథూ అన్నాడు. టిమిడ్ మీద టిక్ పెట్టేశాను. ఇంటికొచ్చాక కూర్చోలేను, నిలబడలేను. ఏమైందని అడిగినందుకు నా భార్య శివజ్యోతిని, పాపం, కసిరాను.

జూన్ 9, సోమవారం

దేవేంద్రప్పను లోడింగ్‌కి మార్చి, బ్లాస్టింగ్ లెక్క నాకు అప్పగించారు. పదకొండు కన్నాలు. పది చప్పుళ్లు విన్నాను. వెంటనే ఎదుటి రాతిగోడ నుంచి ప్రతిధ్వని. అది ప్రతిధ్వనేనని నాకు తెలుసు. లారీలు ఆగి ఉన్నాయి. అన్నీ పేలినాయా అని సార్ అరిచాడు. పదకొండూ అన్నాను. ఈ నోటితోనే అన్నాను.

లోడింగ్ వాళ్లు తొమ్మిది మంది కదిలారు. దేవేంద్రప్ప పరుగెత్తుకొచ్చి దారికి అడ్డంగా కూర్చున్నాడు. గుప్పిట తెరిచి, ఒగ రాయి ఇంగా ఈడనే ఉండాది, పోవల్లంటే నన్ను తొక్కి పోండి అన్నాడు. పనిలోంచి తీసేస్తానని సార్ ఎగిరాడు. ఆయన లేవలేదు. సార్ అరిచిన ప్రతిసారీ తల దించుకుంటున్నాడు. భయపడుతూనే కూర్చున్నాడు.

ఏడు నిమిషాలకు పేలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన రాయి పారేసి, లేచి దుమ్ము దులుపుకున్నాడు. నా వైపు చూడలేదు. చెంప పగలగొట్టినా బాగుండేది.

జూన్ 10

దేవేంద్రప్ప ఫారం హెడ్డాఫీసుకు పోయిందట, మార్చడం కుదరదట. ప్రతిధ్వనిని తెలిసే లెక్కలో కలిపానని హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాను. సార్ నింపాల్సిన నా ఫారం ఇంకా ఖాళీగానే ఉంది. టిమిడ్ మీద టిక్ పెట్టి, దాన్నీ జతచేసి పంపాను.

జూన్ 16

బ్లాస్టింగ్ మళ్లీ దేవేంద్రప్పకే ఇచ్చారు. నన్ను లోడింగ్‌లో వేశారు. ఈ రోజు ఎనిమిది కన్నాలు. నేనూ ఎనిమిది రాళ్లు పట్టుకున్నాను. దిగమని సార్ మూడుసార్లు అరిచాడు. చేతిలో ఇంకా ఒక రాయి ఉంది. కదల్లేదు.